వాగ్దాన కార్డులు రాసిన ఓదెలు

ఆదివారం పొద్దున ఏడున్నరకల్లా ఓదెలు ఆ హాలు తాళం తీస్తాడు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు. వారంలో ఆరు రోజులు అది కంప్యూటర్ కోర్సులు చెప్పే క్లాసు. ఆదివారం ఒక్కపూట ఒక చిన్న క్రైస్తవ సంఘానికి మందిరం. శనివారం సాయంత్రం పాఠం చెప్పినవాళ్లు తెల్లబోర్డు మీద గీసి వదిలేసి పోయిన డబ్బాలనూ బాణం గుర్తులనూ అతను ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడుస్తాడు. మార్కర్ ములికిని బ్లేడుతో ఏటవాలుగా కోసుకొని ఆ వారం బైబిల్ వాక్యం రాస్తాడు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తాడు. ఒక అక్షరం పక్కవాటికంటే వెంట్రుకవాసి కిందికి దిగినా తుడిచి మళ్లీ రాస్తాడు. కుర్చీలు నిండాక ఆ తేడా ఎవరూ చూడరు. అతనికి కనిపిస్తుంది, అందుకని రాస్తాడు.

ఓదెలుకు యాభై రెండేళ్లు. సిద్దిపేట అవతలి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో పట్నం వచ్చాడు. చదివింది ఐదో తరగతి. బోర్డులు రాయడం అతనికి ఎవరూ నేర్పలేదు. రాసేవాళ్ల వెనక నిలబడి, వాళ్ల మణికట్టు ఎక్కడ తిరుగుతుందో చూసి నేర్చుకున్నాడు. అమీర్‌పేటలో గోడ ఖాళీ ఉంటే కోచింగ్ బోర్డు లేచిన కాలమది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా రాయడం వచ్చేది. కోర్సు పేరు ఏమిటో, దాంతో ఏ ఉద్యోగం వస్తుందో తెలియకుండానే ఆరడుగుల ఎత్తు అక్షరాలు నిటారుగా నిలబెట్టేవాడు.

ఆ తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. మూడు రోజుల పనిని మిషను అరగంటలో ఊడ్చేసింది. ఓదెలు తాగుడుకు దిగాడు. ఒకరోజు పంజగుట్ట చౌరస్తా దగ్గర, తాగి నిచ్చెనెక్కి, రెండో అంతస్తు నుంచి పడ్డాడు. చుట్టూ మూగినవాళ్లలో ఒక్కడే వంగి అతన్ని భుజాన వేసుకున్నాడు. షేర్ ఆటో నడిపే రాఘవేందర్. ఆటోలో కూర్చున్న నలుగురినీ దింపేసి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

కాలు విరిగి మంచంలో ఉన్న నలభై రోజులూ రాఘవేందర్ భార్య మంజూష అన్నం తెచ్చింది. అప్పటికి ఓదెలు భార్య సత్తెమ్మ అలిగి తల్లిగారింటికి పోయి ఉంది. మంజూష టిఫిను డబ్బా మంచం పక్కన పెట్టి, తలమీద కొంగు కప్పుకొని, రెండు నిమిషాలు కళ్లు మూసుకొని ప్రార్థన చేసి వెళ్లేది. ఒక్కరోజు కూడా తాగుడు గురించి మాట్లాడలేదు. నలభయ్యో రోజు ఓదెలే అడిగాడు.

"నువ్వు రోజు ఏమని మొక్కుతున్నవమ్మా?"

"నీ కాలు అతకాలని ఒక మాట. మా వదినె ఇంటికి రావాలని ఒక మాట."

"ఏ వదినె?"

"సత్తెమ్మ వదినె. నువ్వు అన్నవైతే ఆమె వదినె గాదా?"

కాలు అతికింది. సత్తెమ్మ వచ్చింది. ఓదెలు మళ్లీ సీసా ముట్టలేదు. ఆ రోజు నుంచి మంజూష అతనికి చెల్లె, రాఘవేందర్ బావ. పంతొమ్మిదేళ్లుగా ఆ రెండు కుటుంబాలు యూసుఫ్‌గూడలో రెండు సందుల తేడాలో ఉంటున్నాయి. మంజూష ఇంటి దగ్గర చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేస్తుంది. సత్తెమ్మ అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఆదివారం నలుగురూ ఒకే ఆటోలో మందిరానికి వస్తారు.

ఆ సంఘాన్ని నడిపేది, అందరూ అయ్యగారు అని పిలిచే ఫణీంద్ర గారు. భీమవరం వైపు మనిషి. వారమంతా అదే సందులో ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పుకుని బతుకుతాడు, ఆదివారం వాక్యం చెప్తాడు. కొత్త సంవత్సరం రోజున వాగ్దాన కార్డులు ఇచ్చే ఆచారం ఆయనే మొదలుపెట్టాడు. చాలా సంఘాల్లో ఉన్నదే. జనవరి ఒకటిన ఒక్కొక్కరూ ముందుకొచ్చి, కళ్లు మూసుకొని ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద ఏ వాక్యం ఉంటే అది ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట. ఏడాది పొడుగునా దాన్ని అద్దం పక్కనో, బియ్యం డబ్బా మీదనో పెట్టుకుంటారు. మిగతా సంఘాల్లో అచ్చువేసిన కార్డులు కొంటారు. ఇక్కడ ఓదెలు ఉన్నాడు కాబట్టి కొనాల్సిన పని లేదు.

పన్నెండేళ్లుగా అతనే రాస్తున్నాడు. డిసెంబర్ మొదటి వారంలో చార్టులు తెచ్చి అరచేతి సైజులో నూట యాభై ముక్కలు కోస్తాడు. కట్ నిబ్బు, నల్ల సిరా. ఒక్కో కార్డుకు పావుగంట. రాసి, ఆరనిచ్చి, చుట్టి, ఎర్రదారం కడతాడు.

"ఇంట్ల బల్బు పోయి పదిరోజులాయె," అంటుంది సత్తెమ్మ. "ఈయన మాత్రం దేవుని అచ్చరాలకు పువ్వులు దిద్దుతుండు."

"నీ ఒక్క 'వ' అయ్యేలోపు నా ఆటో ఎర్రగడ్డ పోయొస్తది బావ," అంటాడు రాఘవేందర్.

జనవరి ఒకటిన స్టీలు బేసిన్లో ఆ కార్డులు పోసి, పైన తెల్లగుడ్డ సగం కప్పి పట్టుకొని నిలబడేది కూడా ఓదెలే.

ఆ ఏడాది నవంబర్లో మంజూషకు రొమ్ములో గడ్డ బయటపడింది. ముక్క తీసి పరీక్ష చేశారు. ముదరలేదు, ఆపరేషన్ చేస్తే బతుకుతుంది అన్నాడు డాక్టరు. జనవరి పదో తారీకు రమ్మన్నాడు. మంజూష సరేనంది గానీ ఆ రోజు నుంచి ఆమె కంటికి కునుకు లేదు. ఆమె తల్లి ఎప్పుడో ఒక ఆపరేషన్ బల్ల ఎక్కి మళ్లీ దిగలేదు. కత్తి అన్న మాట వింటే చాలు, మిషను తొక్కే కాలు ఆగిపోయేది.

"బావ, ఎట్లనన్న జేసి పదో తారీకు దాంక ఈమెకు ధైర్యం నిలిస్తే చాలు," అన్నాడు రాఘవేందర్ ఒకరోజు ఆటోస్టాండ్లో. "ఆ రోజు పొద్దుగాల నేను పోను అంటే ఎత్కపోలేను గద."

ఆ మాట ఓదెలు మనసులో పడింది. ఆ డిసెంబర్లో అతను నూట నలభై తొమ్మిది కార్డులు ఎప్పటిలాగే రాశాడు. నూట యాభయ్యో కార్డు ఒక మధ్యాహ్నమంతా రాశాడు. నువ్వు చావవు, బతికి దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్తావు అని అర్థం వచ్చే వాక్యం అది. అక్షరాలు అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. దానికి కట్టిన ఎర్రదారం ముడి మిగతావాటికంటే కొంచెం పెద్దగా వేశాడు, వేలికి తగిలేలా.

జనవరి ఒకటి పొద్దున పాట అయిపోయాక వరుసలు కదిలాయి. మంజూష వచ్చింది. కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఆమె చెయ్యి బేసిన్ మధ్యలోకి దిగుతుంటే ఓదెలు బేసిన్ని ఒక బెత్తెడు పక్కకు జరిపి, అంచున బొటనవేలి కింద అదిమిపెట్టిన కార్డు చుట్టను ఆమె వేళ్లలోకి తోశాడు. ఆమె దాన్ని పట్టుకుంది. వెనక రాఘవేందర్, అతని వెనక ఇంకొకరు. ఎవరూ చూడలేదు.

మంజూష కార్డు విప్పి చదివి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. లేచి, మైకు అడిగి తీసుకొని, రెండు నెలల నుంచి ఉన్న భయం పోయిందని అందరిముందూ సాక్ష్యం చెప్పింది. ఓదెలు బేసిన్ పట్టుకొని నిలబడి, తను చేసింది మంచిపనే అనుకున్నాడు. అంత సంతోషం అతనికి ఏ బోర్డు రాసినా కలగలేదు.

ఎనిమిదో తారీకు మధ్యాహ్నం రాఘవేందర్ ఫోన్ చేశాడు. "బావ, జర ఇంటికి రా. అయ్యగారిని సుత పిలిచిన."

ఓదెలు వెళ్లేసరికి మంజూష మిషను ముందు ప్రశాంతంగా కూర్చొని ఉంది. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి మిషను మీది గోడకు మేకుతో కొట్టింది. ఫణీంద్ర గారు కుర్చీలో ముందుకు వంగి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, దేవుడు బతికిస్తానంటే డాక్టరు ద్వారా కూడా బతికిస్తాడండీ. ఆయన చేతులు చాలా రకాలుగా ఉంటాయి. ఆపరేషన్ చేయించుకోవడం అవిశ్వాసం కాదు."

"అయ్యగారు, మీరేగద జెప్పిన్రు," అంది మంజూష. "కండ్లు మూసుకొని తీసింది మనం తీసింది గాదు, ఆయన ఇచ్చింది అని. ఆయన చావవు అన్నంక నేను మల్ల కత్తి కిందికి పోతే ఆయన మాట నమ్మనట్టే గద."

"నేను చెప్పానమ్మా. కానీ..."

"మీ మాట మీద నాకు గౌరవం ఉంది. గీ కార్డు మాట ఎక్కువ."

ఫణీంద్ర గారు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. తను పన్నెండేళ్లు చెప్పిన మాట తన ముందుకే వచ్చి నిలబడింది. ఓదెలు గచ్చు మీద పడిన చీరల దారప్పోగులను చూస్తూ ఉండిపోయాడు.

మెట్ల మీద రాఘవేందర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీ మాట ఇంటది బావ. అన్న అంటే దానికి పానం. నువ్వు జెప్పు."

"చెప్త," అన్నాడు ఓదెలు.

ఆ సాయంత్రం సత్తెమ్మ హాస్టల్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె ఒక చెప్పు విప్పి రెండోది కాలికి ఉండగానే ఆగిపోయింది.

"బేసిన్ల చెయ్యి వెట్టినవా? దేవుని బేసిన్ల?"

"ధైర్యం కోసం..."

"ధైర్యం సంగతి తర్వాత. పో. ఇప్పుడే పోయి జెప్పు. నేనే రాసిన, నేనే నీ చేతుల వెట్టిన అని జెప్పు. తిడ్తే తిట్టనియ్యి."

"సంఘంల ఎట్ల నిలవడాలె సత్తెమ్మ? పంతొమ్మిదేండ్లు..."

"నిలవడకు. ఇంట్ల కూసో. ఆ పిల్ల బతకాలె."

పొద్దున్నే వెళ్లాడు. మెట్లెక్కుతుండగానే పాట వినిపించింది. మంజూష రొట్టెలు చేస్తోంది. అతన్ని చూసి పీట వేసింది. అడగకుండానే రెండు రొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది.

"అన్న, ఎర్కేనా? మా అమ్మ పోయినసంది నేను పండుకుంటే బల్ల మీద పండుకున్నట్టే ఉండేది. ఒకటో తారీకుసంది నిద్ర పడ్తుంది. పొద్దెక్కే దాంక లేస్తలేనని మీ బావ గులుగుతుండు."

ఆమె ముఖం చూశాడు. పంతొమ్మిదేళ్లలో అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. నోరు తెరిచాడు. రొట్టె ముక్క నమిలాడు. దేవుడే తన చేతితో ఇప్పించాడేమో అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. అది ఎంత చల్లగా వచ్చిందంటే, దాని నీడన కూర్చుని రెండో రొట్టె కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కొని, "జర డాక్టరు మాట సుత ఇను చెల్లె," అన్నాడు.

"ఇంట అన్న," అని నవ్వింది.

అంతే. పదో తారీకు వచ్చింది, పోయింది.

ఆ రొట్టెలు తిని ఇంటికి వచ్చిన భర్త ముఖం చూడగానే సత్తెమ్మకు సంగతి అర్థమైంది. ఆ తర్వాత నెలకు రెండుమూడు సార్లు, అన్నం వడ్డిస్తూ, "చెప్పినవా?" అనేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. నేనే పోయి చెప్తానని ఒకసారి బయల్దేరింది. వద్దని ఓదెలు ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఆ రోజు ఆమె ఆగిపోయింది. ఎందుకు ఆగాను అని ఆ తర్వాత చాలాకాలం తనను తానే ప్రశ్నించుకుంది.

ఎండాకాలం వరకు మంజూష బాగానే ఉన్నట్టు కనిపించింది. ప్రతి నెలా సాక్ష్యం చెప్పింది. వానలు మొదలయ్యాక ఎడమ చెయ్యి వాచింది. ఫాల్స్ కుట్టడం తగ్గింది. వెన్ను నొప్పి అంటే, మిషను మీద వంగి కూర్చుంటే ఎవరికైనా వస్తుంది అంది. ఆగస్టులో మంచం మీద నుంచి లేవలేకపోతే రాఘవేందర్ ఎత్తుకునే తీసుకుపోయాడు. అప్పుడు ఆమె ఎదురుచెప్పలేదు. గడ్డ ఎముకల్లోకి పోయిందన్నారు. డాక్టరు పాత కాగితాలు తిరగేసి, జనవరి పదిన ఎందుకు రాలేదమ్మా అని అడిగాడు. కోపంగా అడగలేదు. ఆ అడగడం తలుపు దగ్గర నిలబడ్డ ఓదెలు విన్నాడు.

నవంబర్ చివర్లో పంజగుట్టలో పెద్దాసుపత్రి వార్డు. మధ్యాహ్నం మూడవుతోంది. కిటికీలోంచి మెట్రో రైలు పోవడం కనిపిస్తుంది. రాఘవేందర్ మందుల కోసం కిందికి వెళ్లాడు. మంజూష మనిషి సగమైంది. తలగడ కింద కార్డు పెట్టిన ఆ ప్లాస్టిక్ కవరు ఉంది.

"అన్న," అంది. "నాదే తప్పు."

"ఏం తప్పు చెల్లె?"

"ఆయన మాట తప్పడు గద. మాట తప్పలేదంటే నేనే ఎక్కడనో నమ్మలే. వానకాలంల చెయ్యి వాచినప్పుడు ఒకసారి భయపడ్డ. ఎవ్వలకు జెప్పలే. గప్పుడు పోయిందేమో వాగ్దానం. రోజూ గదే దేవులాడుకుంటున్న, ఏ రోజు తప్పిపోయిందా అని."

ఓదెలు పది నెలలకు పైగా మోసిన మాట ఇది కాదు. ఆమె చచ్చిపోతుందన్న భయాన్ని మోశాడు. నింద తన మీదికి వస్తుందన్న భయాన్ని మోశాడు. ఆ నిందను ఆమె తన నెత్తిన వేసుకొని పోతుందని ఎన్నడూ అనుకోలేదు.

మంచం పక్కన స్టూలు మీద నుంచి దిగి, కింద కూర్చొని చెప్పాడు. కార్డు విడిగా రాసిన సంగతి, ముడి సంగతి, బొటనవేలి సంగతి, బేసిన్ జరిపిన సంగతి. ఒక్కటి కూడా దాచలేదు. చెప్పడం అయ్యేసరికి కిటికీలో రెండు రైళ్లు పోయాయి.

మంజూష కళ్లు మూసుకుంది. కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకోకుండానే అడిగింది.

"మరి నా కార్డు ఏది అన్న?"

"ఆఁ?"

"ఇది నాది గాదంటున్నవ్. నేను చెయ్యి వెట్టిన కాడ ఇంకోటి ఉండె గద. నాదేదో అది. దాని మీద ఏముండె?"

ఆమె చెయ్యి దిగాల్సిన చోట ఉన్న కార్డును ఆమె వెనక వచ్చిన రాఘవేందర్ తీసుకున్నాడో, ఇంకెవరైనా తీసుకున్నారో, మిగిలిపోయిందో తెలియదు.

"తెల్వదు చెల్లె."

"సరే," అంది. కోపం లేదు. మొదటిసారి అతనికి, ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. కళ్లు తెరవకుండానే, "అయితే నేను నమ్మక గాదు గద?" అంది.

"కాదు. నీది తప్పు లేదు. మొత్తం నాదే."

ఆమె ఊపిరి వదిలింది. "మీ బావకు నువ్వే జెప్పు. నేను జెప్ప. నేను జెప్తే, నిన్ను తిట్టనిస్తలేనని ఆయన నా మీద కోపం జేస్తడు."

ఆ రాత్రి ఇంటికి పోయి ఓదెలు అటక మీది రేకు డబ్బా దింపాడు. జనవరిలో మిగిలిన పదకొండు కార్డులు అందులో ఉన్నాయి. దారాలు విప్పి గచ్చు మీద వరుసగా పరిచాడు. ఒక్కొక్కటీ చదివాడు. తన అక్షరాలే. ఒకటి కాపరి గురించి, ఒకటి లోయ గురించి, ఒకటి నీళ్ల గురించి. ఆమెది ఇది అయ్యుండొచ్చు, అది అయ్యుండొచ్చు.

"ఏం దేవులాడుతున్నవ్?" అంది సత్తెమ్మ.

చెప్పాడు. ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆ పదకొండింటినీ చూస్తూ ఉండిపోయారు.

మూడో రోజు మంజూష పోయింది. సమాధుల తోటలో ఫణీంద్ర గారు ప్రార్థన చేశాడు. పెట్టె దింపేటప్పుడు ఒక తాడు కొస ఓదెలు చేతిలో ఉంది. ఎదురు కొస రాఘవేందర్ చేతిలో. నెమ్మదిగా వదలాలని ఇద్దరికీ తెలుసు. ఒకరి చెయ్యి చూసుకొని ఒకరు వదిలారు.

పోయినవాళ్ల ఇంట్లో సంఘం జరిపే ఆదరణ కూడిక అయ్యింది. వారం పోయింది. రెండో వారం పోతోంది. బావకు రేపు చెప్దామని ఓదెలు రోజూ అనుకున్నాడు. డిసెంబర్ మధ్యలో ఫణీంద్ర గారు ఫోన్ చేసి, "ఓదెలు గారూ, ఈసారి కార్డులు మొదలెట్టారా?" అన్నాడు.

"రాయను అయ్యగారు."

"చేతికేమన్నా అయ్యిందా?"

ఓదెలు అప్పటికప్పుడు నడిచి వెళ్లి, ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర ఆయనకు చెప్పాడు. పైకీ కిందికీ పిల్లలు లాప్‌టాప్ సంచులతో తోసుకుంటూ పోతున్నారు. ఫణీంద్ర గారు గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"బేసిన్ ముందు పెట్టింది నేనండీ," అన్నాడు చివరికి. "మీరు చెయ్యి పెట్టారు. నేను అసలు బేసినే పెట్టాను." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాఘవేందర్ గారికి చెప్పారా?"

"పోతున్న."

మెట్రో స్టేషన్ కింద, యూసుఫ్‌గూడ పోయే షేర్ ఆటోల వరుసలో రాఘవేందర్ ఆటో మూడోది. అతను డ్రైవర్ సీట్లో కూర్చొని టీ తాగుతున్నాడు. ఓదెలును చూసి పక్కకు జరిగాడు.

"రా బావ. ఏంది, మొఖం గట్లుంది? చాయ్ తాగుతవా?"

ఓదెలు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఈసారి త్వరగా అయిపోయింది. మధ్యలో వెనక సీటు నిండింది, ఒకామె, "అన్న, పోతదా?" అని అడిగింది. రాఘవేందర్ వినలేదు. టీ గ్లాసు అతని చేతిలో అలాగే ఉంది.

"ఎనిమిదో తారీకు మెట్ల మీద నీ చెయ్యి వట్టుకున్న," అన్నాడు.

"అవును."

"చెప్త అన్నవ్."

"అవును."

"గప్పుడు చెప్తే?"

రాఘవేందర్ గ్లాసు ఫుట్‌పాత్ మీద పెట్టాడు. ఆటో స్టార్ట్ చేశాడు. వరుసలో ముందు రెండు ఆటోలు ఉండగానే పక్కనుంచి తీసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం అతను మందిరానికి రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. ఎర్రగడ్డ వైపు ఇంకో సంఘానికి పోతున్నాడని ఎవరో అన్నారు. జనవరి ఒకటిన ఫణీంద్ర గారు అందరి ముందూ, ఇకమీద ఈ సంఘంలో కార్డులు ఉండవని చెప్పి, కారణం తన మీద వేసుకొని మాట్లాడాడు. ఓదెలు లేచి నిలబడి, కారణం నేను అన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. కొద్దిసేపు నిలబడి తనే కూర్చున్నాడు.

జనవరి రెండో వారంలో రాఘవేందర్ ఫోన్ వచ్చింది.

"సమాధి సిమెంటు పని అయింది. పేరు రాయాలె."

"వస్త."

"బ్రష్షులు తెచ్చుకో. పేరు ఇంకెవ్వలతోని రాయిస్త? ఆమెకు నీ అచ్చరాలంటే పానం." ఫోన్ పెట్టేశాడు.

పొద్దున పదికి ఓదెలు సంచీతో బస్సులో వెళ్లాడు. రాఘవేందర్ అప్పటికే అక్కడ ఉన్నాడు. సమాధి తల దగ్గర నిలబెట్టిన సిమెంటు పలక సున్నం వేసి ఆరింది. చుట్టూ ఉన్న పలకలన్నిటి మీదా పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు, వాటి కింద ఒక వాక్యం ఉంటాయి. పేరు రాసేవాళ్లు వాక్యానికి కూడా చోటు చూసుకొని మొదలుపెడతారు.

ఓదెలు సంచీలోంచి సుద్దదారం తీశాడు. రెండు కొసలూ బిగపట్టి మధ్యలో లాగి వదిలితే పలక మీద తిన్నని గీత పడుతుంది. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కడే ఉంటే మేకు కొట్టుకోవాలి, కానీ కొత్త సిమెంటుకు మేకు కొడితే పెచ్చు లేస్తుంది. ఒక కొస బొటనవేలితో అదిమి, రెండో కొస ఏం చెయ్యాలో తెలియక పలకకు పక్కగా వేలాడదీశాడు. కొంతసేపు అలాగే ఉంది. రాఘవేందర్ వంగి పట్టుకున్నాడు.

మొదటి గీత కొట్టారు, పేరుకు. రెండో గీత కొట్టారు, తారీకులకు. ఓదెలు దారాన్ని ఇంకో జానెడు కిందికి దించబోయాడు.

"అక్కర్లేదు," అన్నాడు రాఘవేందర్.

ఓదెలు చూశాడు.

"పేరు రాయి. రోజు రాయి. వాక్యం వద్దు."

దారం కొస వదిలేశాడు. ఓదెలు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

ఉడుత వెంట్రుకల కుంచె నల్ల ఎనామిల్ రంగులో ముంచి, డబ్బా అంచుకు రెండువైపులా అద్ది, పేరు మొదలుపెట్టాడు. మూడు అక్షరాలు. వాటికి ఎప్పుడూ పట్టేదానికంటే ఎక్కువసేపు పట్టింది. ప్రతి గీతకూ ముందు ఆగి, ఎడమ మణికట్టును కుడి చేతికి ఆసరా పెట్టుకొని దిద్దాడు. ఎనామిలు పడ్డాక తుడిచి రాయడానికి ఉండదు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాడు. ఒక్క అక్షరం కూడా కిందికి దిగలేదు. కింద పలకలో సగం తెల్లగా ఖాళీగా ఉంది.

కిరసనాయిలు గుడ్డతో కుంచె తుడుస్తుంటే రాఘవేందర్ అడిగాడు. "ఆరనీకి ఎంతసేపు?"

"నాలుగ్గంటలు. దుమ్ము పడకుంట చూడాలె. గాలికి ఆకులు పడ్తే అంటుకుంటయి."

"నేనుంట."

"ఇద్దరం ఉందం బావ."

రాఘవేందర్ పలకకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, పలకకు తగలకుండా గాలివాటుకు అడ్డం పట్టుకున్నాడు.

"నువ్వు పో," అన్నాడు.

ఓదెలు సంచీ భుజాన వేసుకున్నాడు. గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాడు. రాఘవేందర్ చెయ్యి నొప్పిపుట్టి కాబోలు, తువ్వాలును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంటున్నాడు. వెళ్లి రెండో కొస పట్టుకుందామనుకున్నాడు. పొమ్మన్నాడు కదా అని బస్సుస్టాపుకు నడిచాడు.